అనపకాయల వంతు

నా ఫోనులో ఒక పట్టిక ఉంది. పదహారు పేర్లు, పదహారు తేదీలు. పేర్లన్నీ ఆడపిల్లలవి. ఏడో తరగతి నుంచి తొమ్మిది దాకా చదివే ఈ పిల్లలు తిరుపతిలో ఒక గ్రౌండుకు పొద్దున్నే ఆరింటికల్లా ఖోఖో ఆడడానికి వస్తారు. మా అమ్మాయి కూడా వాళ్ళలో ఉంది. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఖోఖో ప్రపంచకప్పులో మన ఆడపిల్లలు నేపాల్ మీద 78-40తో గెలిచారు. అంతవరకూ 'అది బళ్ళో ఆడుకునే ఆట, దానికీ కోచింగా' అన్న తల్లిదండ్రులమే, ఆ తర్వాత పిల్లల్ని బండి వెనక కూర్చోబెట్టుకుని గ్రౌండుకు బయల్దేరాం.

ప్రాక్టీసు అయిన అరగంట లోపల పిల్లల కడుపులో ఏదో ఒకటి పడాలని కోచ్ చెప్పాడు. అరటిపండు, ఉడికిన శనగలు, చెనిక్కాయలు, గుడ్డు, ఏదైనా సరే. రోజూ అంటే ఎవరి వల్లా కాదు కాబట్టి, ఎక్కువసేపు ఆడించే శనివారాలు మాత్రం తల్లిదండ్రులు వంతులు వేసుకోమన్నాడు. నేను డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. పట్టికలు గీయడం నాకు బాగా వచ్చిన పని. పిల్లల పేర్లు అక్షరక్రమంలో రాసి, ఎదురుగా తేదీలు వేసి గ్రూపులో పెట్టాను. ఎవరికీ ఎక్కువ లేదు, తక్కువ లేదు. అందరూ మెచ్చుకున్నారు. హాజరుపట్టీ లాగా ఎంత నిష్పక్షపాతంగా వచ్చిందో అని నాకూ గర్వంగానే అనిపించింది.

న్యూజెర్సీలో ఉన్న మా చెల్లెలికి చెబితే పకపకా నవ్వింది. వాళ్ళక్కడ పిల్లల సాకర్ ఆటలకు ఇరవై ఏళ్ళుగా చేస్తున్నదే ఇది. నారింజ తొనలు ఎవరు తేవాలి, జ్యూసు డబ్బాలు ఎవరు తేవాలి అని సీజను మొదట్లోనే పేర్లు రాసుకుంటారట. 1996 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో 'సాకర్ మామ్' అనే మాట ఒక ఓటరు జాతికి పేరుగా స్థిరపడిపోయింది. 'సాకర్ డాడ్' అనే ఓటరు గురించి ఎవరూ మాట్లాడినట్టు లేదు. 'నువ్వు పట్టిక గీశావు కదా, ఇక చూస్తూ ఉండు' అంది మా చెల్లెలు.

చూడడానికి ఎంతోకాలం పట్టలేదు.

గ్రూపులో ఉన్న పదహారు నెంబర్లలో తొమ్మిది నాన్నలవి. మిగిలిన ఏడుగురం 'ఫలానా పాప మమ్మీ' పేర్లతో ఉన్నాం. నేను కూడా అంతే. పదిహేనేళ్ళుగా నా పేరుతో వ్యాసాలు రాసుకుంటున్న నేను, ఆ గ్రూపులో మా అమ్మాయికి అమ్మను. సరే. శుక్రవారం సాయంత్రం 'రేపు మీ వంతు' అని నేను పంపగానే నాన్నల దగ్గర్నుంచి వెంటనే బొటనవేలు గుర్తు వచ్చేది. శనివారం పొద్దున ఆ నాన్నలే స్టీలు డబ్బా బండికి తగిలించుకుని వచ్చేవాళ్ళు. 'ఎంత బాధ్యతగా తెచ్చారో చూడండి' అని మేం ఆడవాళ్ళమే పొగిడేవాళ్ళం. మా ఆయన వంతు రోజు నేనూ ఆ పొగడ్త విన్నాను. ముందురోజు రాత్రి శనగలు నానబోసింది నేను, నాలుగున్నరకు లేచి కుక్కరు పెట్టింది నేను, కొబ్బరి కోరింది నేను. ఆయన డబ్బా మోశాడు. అయినా ఆయన్ని పొగుడుతుంటే నాకు సంతోషమే కలిగింది. ఆ సంతోషం మీద కోపం రావడానికి మధ్యాహ్నం దాకా పట్టింది.

ఆలిసన్ డామింజర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 2019లో రాసిన ఒక పరిశోధనా పత్రంలో, ఇంటిపనిలో కంటికి కనబడని ఆలోచన భాగాన్ని నాలుగు మెట్లుగా విడగొట్టింది. ఏం అవసరం పడబోతుందో ముందే ఊహించడం, ఎలా తీర్చాలో దారులు వెతకడం, నిర్ణయించడం, అది జరిగిందో లేదో కనిపెట్టుకుని ఉండడం. మొదటిదీ చివరిదీ ఎక్కువగా ఆడవాళ్ళ తలలోనే జరుగుతాయని, నిర్ణయించేటప్పుడు మాత్రం మగవాళ్ళు వచ్చి కలుస్తారని ఆమె గమనించింది. మా శనివారాలు అచ్చంగా అంతే. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే లెక్కలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు 289 నిమిషాలు పెడుతున్నారు, చేసే మగవాళ్ళు 88 నిమిషాలు. 2019లో ఇవి 299, 97. ఐదేళ్ళలో మనకు పది నిమిషాలు తగ్గాయి. మగవాళ్ళకూ తొమ్మిది తగ్గాయి. కాబట్టి ఆ పది నిమిషాలను వాళ్ళు పంచుకున్నారని అనుకోవడానికి వీల్లేదు. ఏ ప్యాకెట్లో, ఏ మిక్సీయో పంచుకుని ఉంటుంది. ఈ ప్యాకెట్ల దగ్గరికి మళ్ళీ వస్తాను.

మే నెలలో గంగమ్మ జాతరప్పుడు మా తిరుపతి మగవాళ్ళు మొక్కు తీర్చుకోవడానికి చీర కట్టి, జడ వేసుకుని, పూలు పెట్టుకుంటారు. ఈ జాతర మీద జాయిస్ ఫ్లూకిగర్ రాసిన పుస్తకం 2013లో వచ్చింది. ఆ రోజుల్లో ఊరంతా స్త్రీమయం అవుతుందన్న అర్థంలో దానికి పేరు పెట్టింది. నిజమే, చూడడానికి ఎంతో బాగుంటుంది. కానీ మా వీధిలో చీర కట్టిన మగవాళ్ళకు ఆ చీర మడతలు పెట్టి ఇచ్చేదీ, వాళ్ళు తిరిగొచ్చేసరికి అంబలి కాచి ఉంచేదీ ఇంట్లోని ఆడవాళ్ళే. చీర కట్టినంత సులువుగా గరిటె పట్టరు.

ఇంతవరకూ మన పత్రికల్లో ముప్ఫై ఏళ్ళుగా మాట్లాడుకుంటున్నదే. ఇక్కడితో ఆగితే ఈ వ్యాసం రాయాల్సిన పని లేదు.

పోయిన చలికాలం ఒక శనివారం, ఏడో వంతు. ఆ పాప వాళ్ళమ్మ బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో గదులు శుభ్రం చేస్తుంది. కొండకు వచ్చే యాత్రికులు ఆమె పరిచిన దుప్పట్ల మీద పడుకుంటారు. ఏడింటికి డ్యూటీలో ఉండాలి. తన వంతు రోజున ఆమె పెద్ద గిన్నె నిండా ఉడకబెట్టిన అనపకాయలు తెచ్చింది. పాకాల వైపు వాళ్ళక్క చేలో కోసిన కాయలు. జిల్లాలు విడిపోయి మేం తిరుపతి జిల్లా, కొందరు చిత్తూరు జిల్లా అయ్యాం కానీ, సంక్రాంతికి ముందు అనపకాయలంటే ప్రాణం పెట్టడంలో అందరం ఇంకా ఒకటే జిల్లా. గిన్నె మూత తీయగానే ఆవిరితో పాటు ఆ జిడ్డు వాసన వచ్చింది. ఆ వాసన లేకపోతే అది అనపకాయ కాదని మా అమ్మ అంటుంది. పిల్లలు కింద కూర్చుని, కాయ నోట్లో పెట్టి గింజ లాక్కుని, తొక్కలు ఒకళ్ళ మీద ఒకళ్ళు వేసుకుంటూ తిన్నారు. గిన్నె ఖాళీ అయింది. ఆమె గిన్నె కడుక్కుని ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి పదింటికి గ్రూపులో ఒక మెసేజ్. 'పిల్లల హైజీన్ దృష్ట్యా వచ్చే వారం నుంచి సీల్డ్ ప్యాకెట్లు, పండ్లు మాత్రమే తెద్దాం. ఇంట్లో చేసినవి వద్దు. అందరూ ఓకేనా?' పెట్టింది బ్యాంకులో పనిచేసే ఒక తల్లి. వరసగా బొటనవేళ్ళు. పదకొండోది నాది.

అంతకుముందు ఆరు వంతుల్లో ఏమేం వచ్చాయో నాకు గుర్తుంది, పట్టిక నాదే కదా. నిమ్మకాయ అన్నం, రాగి లడ్లు, శనగ గుగ్గిళ్ళు, ఇడ్లీలు, మళ్ళీ రాగి లడ్లు, బొరుగుల ఉండలు. అన్నీ ఇంట్లో చేసినవే. అప్పుడెవరికీ హైజీన్ గుర్తు రాలేదు. ఏడో వంతు రాత్రి గుర్తొచ్చింది. మన ఊళ్ళల్లో కులం అడగరు. 'మీదే ఊరు, ఊళ్ళో ఎక్కడ' అని అడుగుతారు. ఆ రెండో ప్రశ్న మొదటి నెలలోనే ఆమెను ఎవరో అడిగారు. నేను అక్కడే నిలబడి విన్నాను. నన్ను ఆ రెండో ప్రశ్న ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరం లేని ఇంటిపేరు నాది.

మరి బొటనవేలు ఎందుకు పెట్టాను? ఇదే నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న. కులం తట్టలేదని అబద్ధం చెప్పను. తట్టింది. దాంతోపాటే, అంతకన్నా ఒక్క క్షణం ముందుగా, 'అబ్బ, ఇక నాలుగున్నరకు లేవక్కర్లేదు' అనే మాట కూడా తట్టింది.

మా అమ్మమ్మది పుంగనూరు దగ్గర ఒక పల్లె. ఊరి చెరువు కింద నీళ్ళ వంతులు వేసే మనిషిని నీరుగంటి అనేవాళ్ళు. ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళు పారాలో, ఎప్పుడు మడవ కట్టాలో, ఎప్పుడు తిప్పాలో ఆయన చేతిలో ఉండేది. మా వైపు చాలా ఊళ్ళలో ఈ పని దళితులదే. ఎకరాలను బట్టి వంతు. కరువు ఏడాదిలో కూడా నీరుగంటి వేసిన వంతును పెద్ద రైతులు సైతం ఒప్పుకునేవాళ్ళని మా అమ్మమ్మ మెచ్చుకోలుగా చెప్పేది. చిన్నప్పుడు నేనూ మెచ్చుకున్నాను. ఆ మనిషి మా పెరట్లోకి వచ్చి దోసిలి పడితే మా అమ్మమ్మ పైనుంచి నీళ్ళు పోసేదన్న సంగతీ నాకు గుర్తే. రెండు జ్ఞాపకాలూ నా తలలో పక్కపక్కనే ఉన్నాయి, ఒకదాన్నొకటి ఎప్పుడూ పలకరించుకోలేదు. ఊరందరి పొలాలకూ నీళ్ళు మళ్ళించిన ఆ చేత్తో చెంబెడు మంచినీళ్ళు ఇస్తే ఆ ఊళ్ళో ఎవరు తాగేవాళ్ళు?

నా పట్టిక కూడా అలాంటి వంతుల లెక్కే. ఎవరు ఇవ్వాలో, ఎప్పుడు ఇవ్వాలో రాశాను. ఎవరు పుచ్చుకోవాలో రాయలేదు. అది రాయాల్సిన విషయమని కూడా నాకు తోచలేదు. జోన్ ట్రాంటో 1993లో రాసిన 'మోరల్ బౌండరీస్' పుస్తకాన్ని నేను క్లాసులో ఎన్నోసార్లు ప్రస్తావించాను. సంరక్షణలో నాలుగు దశలు ఉంటాయంటుంది ఆమె. అవసరాన్ని గుర్తించడం, బాధ్యత తీసుకోవడం, చేత్తో చేయడం, చివరికి ఆ సంరక్షణను అవతలివాళ్ళు అందుకోవడం. మొదటి రెండూ అధికారం ఉన్నవాళ్ళకు, మూడోది లేనివాళ్ళకు అని పంచబడిపోయాయన్న ఆమె మాటను పిల్లలకు ఉత్సాహంగా వివరించేదాన్ని. నాలుగోదాన్ని గంట కొట్టే సమయానికి హడావుడిగా ముగించేదాన్ని. మనకు ఆ నాలుగోదే కులం కాపురముండే చోటు. తినడానికి ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం.

ఇది దేశంలో తేలిన సంగతే. బడుల్లో వండిన అన్నమే పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరులో ఆదేశించింది. 2003 జనవరి నుంచి మన రాష్ట్రంలో మధ్యాహ్న భోజనం మొదలైంది. 2004 ఏప్రిల్లో అదే కోర్టు, వంటవాళ్ళ నియామకంలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యమివ్వాలని మరో ఆదేశం ఇచ్చింది. ఆ ఆదేశాన్ని నేను పేదలకు ఉద్యోగాల సంగతిగానే చదువుకున్నాను చాలాకాలం. కానీ ఆ కోర్టు పిల్లల చేత నాలుగో దశ నేర్పించాలని చూసింది. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లాలో ఒక బడిలో దళిత స్త్రీ వండిన అన్నం పిల్లలు తినడం మానేశారు. వాళ్ళ ఇళ్ళల్లో ఎవరు ఏం చెప్పి పంపారో మనం ఊహించుకోవచ్చు. మన దగ్గర ఈ పథకానికి 2024లో డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. అన్నం పెట్టిన చేతుల్ని ఎంత గౌరవిస్తామో! వండే ఆడవాళ్ళ గౌరవ వేతనం మాత్రం 2019లో నెలకు మూడు వేలు చేశారు. అది గౌరవమో వేతనమో తేల్చుకోవడం కష్టం.

ప్యాకెట్ల నియమం వచ్చాక జరిగినవి చిన్న చిన్న విషయాలు. పది రూపాయల బిస్కెట్ ప్యాకెట్లు పదహారు అంటే 160 రూపాయలు, పండ్లు వేరే. నాకూ, బ్యాంకు ఉద్యోగికీ అది లెక్క కాదు. అనపకాయలకు ఆమెకు పైసా ఖర్చు కాలేదు, తెల్లవారుజామున ఒక గంట ఖర్చయింది. వంతు అప్పటికీ ఒక్కటే, ఇప్పటికీ ఒక్కటే. పట్టికలో ఏమీ మారలేదు. తన రెండో వంతుకు ఆమె క్రీము బిస్కెట్లు తెచ్చింది. 'ఇవా పెట్టేది పిల్లోళ్ళకి?' అని కోచ్ విసుక్కున్నాడు. ఆమె ఏమీ అనలేదు. మేమూ అనలేదు.

మా అమ్మాయి ఒక రోజు అంది: 'అమ్మా, తను శనివారం ఏమీ తినదు. అందరం తినేటప్పుడు కొళాయి దగ్గరికి పోయి నీళ్ళు తాగుతా ఉంటాది.'

ఖోఖోలో ఎనిమిది మంది వరసగా, ఒకరు అటు ఒకరు ఇటు తిరిగి కూర్చుంటారు. తొమ్మిదో మనిషి తరుముతుంది. అలసిపోతే, లేదా అందకపోతే, కూర్చున్నవాళ్ళలో ఒకరి వీపు వెనక నుంచి తట్టి 'ఖో' అనాలి. తట్టకుండా నోటితో మాత్రం అంటే అది ఫౌలు. తట్టించుకున్న మనిషి లేచి పరుగెత్తాలి, తట్టిన మనిషి ఆమె చోట్లో కూర్చోవాలి. వారానికి ఆరు రోజులు ఆ పిల్లలు ఒకరి వీపు ఒకరు తడుతూ, ఒకరి చోట్లో ఒకరు కూర్చుంటూ ఉన్నారు. గ్రౌండు బయట సిమెంటు అరుగు మీద మేం కూర్చుని ఫోన్లు చూసుకుంటూ ఉన్నాం.

నేను మొదట బ్యాంకు ఉద్యోగి దగ్గరికి వెళ్ళాను. కోపంగానే వెళ్ళాను. ఆమె నొచ్చుకుంది. 'కులం గిలం ఏముందక్కా ఇందులో? అందరిళ్ళ నీళ్ళూ ఒకటి కావు గదా' అంది. ఆ మాటలో ఏముందో ఆమెకు వినబడలేదు. కాసేపటికి తనే, 'నిజం చెప్తా. మా అత్తకు మడి. తెల్లవారుజామునే వంటింట్లో ఆమె కంటే ముందు నేను దూరాలంటే రోజూ ఒక యుద్ధం. ప్యాకెట్ అయితే ముందురోజే కొని బండిలో పెట్టేసుకుంటా' అంది. నేను ఆమెను ద్వేషించడానికి వెళ్ళి, నా బొటనవేలే ఎదురుగా కూర్చున్నట్టు కూర్చున్నాను. ఆమె నీళ్ళ గురించి అన్నది తప్పు, ఆ మాట ఆమెతో చెప్పాను. చెప్పడంలో నా గొంతు అంత గట్టిగా రాలేదు.

ఆ తర్వాత ఆ పాప వాళ్ళమ్మతో మాట్లాడాను. క్షమాపణ అడగాలనుకున్నాను. దానికి ఆమె చోటివ్వలేదు.

'నాకేం బాధ లేదు మేడమ్. ప్యాకెట్టయితే నాకూ మేలే. ఆ పొద్దు మూడున్నరకి లేసినా నేను. డ్యూటీకి లేటయిందని సూపర్‌వైజర్ అరిసినాడు గూడా. ఇప్పుడా పని తప్పింది. మా పాపకే అర్థం గాలేదు, అంతమంది అన్నీ తినేసి మళ్ళ ఎందుకు వొద్దన్నారని. నేనేం చెప్పేది దానికి?'

గ్రూపులో ఆ నియమాన్ని ఎత్తేద్దామని రాస్తానన్నాను. ఆమె వెంటనే వద్దంది. 'మీరు రాస్తే మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు మేడమ్. మా పాపనే చూస్తారు అందరూ. అది బాగా ఆడతా ఉంది. ఆడనీండి.'

మన స్త్రీవాదానికి వంటింటితో పాత పగ. 1993లో 'నీలిమేఘాలు' వచ్చినప్పుడు మా తరం దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకుంది. వంటింటి నుంచి బయటపడడమే విముక్తి అనుకున్నాం. పదేళ్ళకు, 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో 'నల్లపొద్దు' వచ్చాక, మేం బయటపడాలనుకున్న వంటిళ్ళలోకి అసలు అడుగే పెట్టనివ్వని ఆడవాళ్ళు ఉన్నారని చదువుకున్నాం. చదువుకున్నాం, సెమినార్లలో మాట్లాడాం. అయితే ఆ రెండు పుస్తకాలూ ఒక బిస్కెట్ ప్యాకెట్‌లో ఇలా ఎదురుపడతాయని నేను అనుకోలేదు. ఆ ప్యాకెట్ పదహారు మంది ఆడవాళ్ళకు తెల్లవారుజాము నిద్ర ఇచ్చింది. ఆమెకు కూడా ఇచ్చింది. అది పుట్టింది మాత్రం ఒక మనిషి చేతి మీద అసహ్యంలోంచి. పుట్టుక చెడ్డదని ఆ నిద్రను వదులుకోమని ఆమెకు చెప్పే హక్కు నాకుందా? నిద్ర మంచిదని పుట్టుకను మరిచిపోయే హక్కు ఉందా? 'ఇంటి వంట' అనే మాటను మళ్ళీ తలకెత్తుకుంటే, మగవాళ్ళు డబ్బా మోసే రోజులే తిరిగొస్తాయి. నియమాన్ని అలాగే ఉంచితే, ప్రతి శనివారం ఒక పిల్ల కొళాయి దగ్గరికి నడుస్తుంది. నాలాంటివాళ్ళకు ఇలాంటి చిక్కుల్ని వ్యాసంగా రాసేసి ఊరట పడడం అలవాటు. మా గ్రూపులో ఈ పత్రిక చదివేవాళ్ళు ఎవరూ లేరు, అదొక ధైర్యం. ఆమెకు చెప్పే రాస్తున్నాను. ఊరి పేరు వేసుకోమంది, గ్రౌండు పేరు వద్దంది.

ఒక్క పని చేశాను. కొత్త పట్టిక వేసేటప్పుడు పిల్లల పేర్లు తీసేసి, వంతు పని నిజంగా ఎవరు చేస్తారో వాళ్ళ సొంత పేరు పంపమని అడిగాను. పదహారు పేర్లు రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఇద్దరు నాన్నలు తమ పేర్లే పంపారు. వాళ్ళలో ఒకాయన నిజంగానే వండుతాడని తర్వాత తెలిసింది, గుడ్లు బాగా ఉడికిస్తాడట. మా ఆయన, 'నా పేరే రాయి, నేర్చుకుంటాలే' అన్నాడు. రాశాను. నానబోయడం గుర్తుచేయనని ముందే చెప్పాను. మొదటి వంతుకు అరటిపండ్లు తెచ్చాడు.

'ఏం తెస్తారు' అనే గడిని మాత్రం ఖాళీగా వదిలేశాను. ప్యాకెట్లని రాయలేదు, ఇంట్లో చేసినవని రాయలేదు. దాని గురించి గ్రూపులో ఎవరూ అడగలేదు. అడిగింది ఒక్కరే, నాకు విడిగా, నిన్న రాత్రి. ఈసారి ఆమె వంతు వచ్చే శనివారం. సొంత పేరు పంపాక ఆమె నాకు పెట్టిన మొదటి మెసేజ్ అది.

'ఏం తేవాల మేడమ్?'

రెండు నీలం టిక్కులు పడ్డాయి. నేను చూసినట్టు ఆమెకు తెలుసు. ఇంకా జవాబు రాయలేదు.